నలభై ఇష్టపూర్వక విరాళాలు

ఇస్త్రీ అక్క కాగితాల కట్టను దబ్బున బల్ల మీద పడేసి, నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంది.

"మూడు సెట్లు తియ్యాలంట. మన కేసుకి బడివాళ్ళు జవాబిచ్చారు. గురువారం వాయిదా. ఈలోగా అందరూ చూసుకోవాలని లాయరమ్మ చెప్పింది."

"డబ్బులేం వద్దులే అక్కా. మన కేసేగా" అంది జెరాక్సమ్మ.

"ఇస్తానని నేనన్నానా?" అనేసి ఇస్త్రీ అక్క వీధి చివర తన బండి వైపు వెళ్ళిపోయింది. జోకేసినా దెప్పినా ఆమె మొహం ఒక్కలాగే ఉంటుంది. ఏది ఏదో తేల్చుకోవడం అవతలివాళ్ళ ఖర్మ.

అది సర్కారు బడి. ఇక్కడ ఎలాంటి ఫీజూ తీసుకోబడదని ప్రహరీ గోడ మీద మూరెడేసి అక్షరాలతో రాసుంటుంది. ఆ అక్షరాలకు ఏటా రంగు వేయించడానికి కూడా పిల్లల దగ్గర ఒక ఫీజు వసూలు చేస్తారు. అభివృద్ధి ఫీజు, నీళ్ళ ఫీజు, కంప్యూటర్ ఫీజు. కంప్యూటర్ల గదికి తాళం, తాళానికి తుప్పు. కట్టకపోతే పిల్లను బల్ల మీద నిలబెడతారు, కట్టాక కూర్చోబెడతారు. మూడేళ్ళు ఇలా భరించి, పదో తరగతి పరీక్షలు అయ్యాక నలభై ఒక్క కుటుంబాలు కలిసి, మా డబ్బు మాకిప్పించండని కోర్టుకెక్కాయి. ముందు నడిచింది ఇస్త్రీ అక్క. జెరాక్సమ్మ కూతురు కూడా ఆ బడిలోనే పదో తరగతి చదివింది కాబట్టి, ఆ నలభై ఒకటిలో ఆమె కుటుంబమూ ఉంది.

ఆమె కొట్టు ఆ ప్రహరీ గోడలోనే కట్టిన చిన్న గది. తలుపు వీధిలోకి, అద్దె బడిలోకి. మిషన్ మూత ఎత్తి, కాగితం బోర్లా పరిచి, మూత దించి, మీట నొక్కి, కింద ట్రేలోంచి వెచ్చటి కాపీ తీసుకునే లోపు ఆమె కళ్ళు కాగితం మొత్తం చదివేస్తాయి. కాపీలు తీసేవాళ్ళు చదవరని లోకం అనుకుంటుంది. మంగలి తల చూడకుండానే క్షవరం చేస్తాడా? వీధిలో ఎవరి పొలం తాకట్టులో ఉందో, ఎవరి రక్తంలో చక్కెర ఎంతుందో ఆమెకు తెలుసు. తెలిసినా నోరు విప్పదు కాబట్టే అందరూ ఆమె దగ్గరికే వస్తారు.

మొదటి పన్నెండు కాగితాలూ లాయర్ల భాష. పదమూడో దాంట్లో విషయం ఉంది. బడి ఏనాడూ ఫీజు వసూలు చేయలేదట. తల్లిదండ్రులే బడి మీద అభిమానంతో, పిల్లల్ని చేర్పించిన రోజునే, ఇష్టపూర్వకంగా విరాళాలు ఇచ్చారట. రుజువుగా నలభై లేఖలు జతపరిచారట.

"అభిమానమా!" అంది జెరాక్సమ్మ మిషన్‌తోనే.

తర్వాత లేఖలు మొదలయ్యాయి. అన్నిటిలోనూ అచ్చుపోసినట్టు ఒకటే మాటలు, ఖాళీల్లో పేర్లు, కింద సంతకం లేకపోతే వేలిముద్ర. తేదీలు మాత్రం వేరు వేరు. ఒకటి మూడేళ్ళ కిందటిది, ఒకటి రెండేళ్ళ కిందటిది. ఏడో లేఖ మీద ఆమె సంతకమే ఉంది. తేదీ, కూతుర్ని బడిలో చేర్పించిన రోజుది. ఆ రోజున ఆమె ఈ కాగితం మొహం కూడా చూడలేదు.

కాపీ చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది. కుడి అంచున, పై నుంచి కింది దాకా వెంట్రుకంత సన్నటి నల్ల గీత ఉంది. మిషన్ మళ్ళీ పాడైందేమోనని మూత ఎత్తి అసలు కాగితం చూసింది. గీత అందులోనూ ఉంది. కట్ట మొత్తం విప్పి, నలభై లేఖలూ బల్ల మీద పేకముక్కల్లా పరిచింది. నలభైటికీ అదే చోట అదే గీత.

ఆ గీత ఆమెకు బాగా తెలుసు. పరీక్షల ముందు బడి గుమాస్తా, వెనక వైపు కాపీ తియ్యమని పిన్ను తీయకుండా ఇచ్చిన కాగితం లోపల ఇరుక్కుని, అచ్చు వేసే డ్రమ్ము గీసుకుపోయింది. మెకానిక్ వచ్చి కొత్త డ్రమ్ము వేసే దాకా పంతొమ్మిది రోజుల పాటు ప్రతి కాపీ మీదా అలాగే గీత పడింది. ఆ మెకానిక్ బిల్లు ఇంకా గోడకి మేకుకు గుచ్చే ఉంది, తేదీతో సహా. అంటే ఈ నలభై ఫారాలూ ఆ పంతొమ్మిది రోజుల్లోనే పుట్టాయి. మూడేళ్ళ కిందటి లేఖలంటూ కోర్టుకిచ్చినవి మూడు నెలల కిందటివి.

"దొరికావురా స్టాంపూ!" అంది పైకే. రబ్బరు స్టాంపు జేబులో పెట్టుకు తిరుగుతాడని గుమాస్తాను వీధంతా స్టాంపు అనే పిలుస్తుంది.

ఆ సంతోషం ఒక్క నిమిషమే. ఆ లేఖల మీద సంతకాలు ఎక్కడ జరిగాయో, ఎవరి ముందు జరిగాయో గుర్తొచ్చి, గుమ్మడికాయల దొంగలా ఆమె చెయ్యి ఆమెకు తెలియకుండానే భుజం మీదికి పోయింది.

జరిగింది ఈ బల్ల దగ్గరే. ఆ రోజు స్టాంపు ఆమె స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో పదో తరగతి హాల్ టికెట్ల కట్ట పెట్టుకున్నాడు. "సంతకం ఇక్కడ, టికెట్టు ఇక్కడ" అంటూ ఫారాలు పంచాడు. తేదీ ఖాళీగా వదిలేయమన్నాడు. వేలిముద్రల ఇంకు డబ్బా జెరాక్సమ్మదే. తాపీ మేస్త్రీ తన సిమెంటు వేలు పైకెత్తి, "ఏముందమ్మా ఇందులో?" అన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆయన నోరు విప్పి అడగక ముందే, "పెట్టు బాబాయ్, ఏం కాదు" అంది ఆమె. ఆ మాట ఆ పూట ఎన్నిసార్లు అందో ఆమెకే తెలీదు. తన సంతకం ఏడోది.

మధ్యాహ్నం జనం పల్చబడ్డాక ఇస్త్రీ అక్క వచ్చింది. ఆమె ఒక్కతే నోరు తెరిచి అడిగింది.

"ఇందులో ఏం రాసుందో చదువు."

అడిగాక చదవకుండా ఎలా ఉంటుంది? జెరాక్సమ్మ గొంతు తగ్గించి చదివింది. ఇస్త్రీ అక్క చివరి దాకా వింది.

"నాకు ఇష్టం లేదే. మరి ఇష్టంగా ఇచ్చానని ఎలా రాయిస్తారు?" అంది గుమాస్తాతో. "మూడేళ్ళు పిల్లను బల్ల మీద నిలబెట్టి తీసుకున్నారు. అది రాయి, సంతకం పెడతా."

స్టాంపు కట్టలోంచి ఆ పిల్ల హాల్ టికెట్ వెతికి తీసి, రెండు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకున్నాడు. జెరాక్సమ్మ మిషన్ వైపు తిరిగి ట్రేలో కాగితాలు సర్దింది. సర్దాల్సిన అవసరం వాటికేం లేదు.

ఆ పిల్ల పరీక్ష రాయలేదు.

*

ఆ సాయంత్రం జెరాక్సమ్మ మొగుడు, వ్యాన్ తోలుకుంటూ ఊళ్ళు తిరిగి వచ్చినవాడు, కాళ్ళు కడుక్కుంటూనే విషయం విన్నాడు. విని చెంబు కింద పెట్టాడు.

"గీత సంగతి చెప్పు. గీత ఒక్కటే చెప్పు. తతిమ్మాది నిన్ను ఎవరడిగారు?"

"అడిగితే?"

"చదవలేదను. రోజుకి వెయ్యి కాపీలు తీసే మనిషి చదివిందంటే ఎవడు నమ్ముతాడు? కొట్టు ఎవరి గోడలో ఉందో గుర్తుందా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నువ్వెందుకు?"

"ఊరందరిదీ కోర్టు దారేగా."

"ఊళ్ళోవాళ్ళకి పోయేది ఫీజు. మనకి పోయేది కూడు" అన్నాడు. అతనిలో కోపం కన్నా భయమే ఎక్కువ ఉంది. ఆమెలోనూ అదే ఉంది కాబట్టి మాట పొడిగించలేదు.

మర్నాడు లాయరమ్మ ఆఫీసుకి వెళ్ళి గీత చూపించింది, బిల్లు చూపించింది. లాయరమ్మది చిన్న వయసు, పెద్ద కళ్ళద్దాలు. స్కేలు తెచ్చి నలభై కాగితాల మీదా అంచు నుంచి గీతకు దూరం కొలిచింది. కొలిచిన కొద్దీ ఆమె మొహం వెలిగింది.

"మీరు సాక్ష్యం చెప్పాలి. తప్పదు. ఒక్క సంగతి ముందే చెప్పండి, అందులో ఏముందో మీరు చదివారా?"

"లేదమ్మా. అన్ని కాపీలు చదువుతూ కూర్చుంటే అయినట్టే."

అబద్ధం కాపీ తీసినంత తేలిగ్గా వచ్చింది.

"మంచిది. అడిగితే అలాగే చెప్పండి" అని లాయరమ్మ రాసుకుంది. కలం మూత పెడుతూ నిట్టూర్చింది. "ఇస్త్రీ ఆవిడ పాప విషయమే నాకు చిక్కుగా ఉంది. బడికి సరిగ్గా రాలేదు కాబట్టి హాల్ టికెట్ ఇవ్వలేదని వాళ్ళ వాదన. ఆ రోజు అక్కడ ఇంకెవరైనా ఉన్నారా అని ఆవిడని నాలుగుసార్లు అడిగాను. నోరు మెదపదు."

జెరాక్సమ్మ తల వంచుకుని సంచీ సర్దుకుంది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఎందుకు మెదపదు? తన పేరు పెట్టి చెప్పి ఉంటే ఏమయ్యేది?

బుధవారం స్టాంపు స్వయంగా కొట్టుకి వచ్చాడు. ఏవో నాలుగు కాగితాలు ఇచ్చి, పని అయ్యాక కూడా కదల్లేదు. గది నాలుగు గోడలూ కొనబోయేవాడిలా చూశాడు.

"అద్దె ఒప్పందం ఈ నెలతో ముగుస్తుందనుకుంటా?"

"అవును సార్."

"పెద్దసారు మళ్ళీ నీకే ఇద్దామంటున్నారు. మంచిదానివని నేనే చెప్పాను." కాపీలు దులిపి సంచీలో పెట్టుకున్నాడు. "సాక్షుల జాబితాలో నీ పేరు చూసి ఆశ్చర్యపోయాననుకో. నీ సంతకం కూడా ఉందమ్మా అందులో. నీ ఇంకు డబ్బా, నీ బల్ల. నీ నోటితో నువ్వే అందరికీ పెట్టమని చెప్పావు. వేలు ఎవరి మీద చూపిస్తావు?"

అన్నది నిజమే. అందుకే ఆమెకు ఒళ్ళు మండింది. దొంగతనం వాడిది, తాళం తీసిన చెయ్యి తనది. ఎంత తెలివిగా మనుషుల చేత మనుషులకే ఉరి తాళ్ళు పేనిస్తారు! చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

*

గురువారం కోర్టు గది కిక్కిరిసింది. తాపీ మేస్త్రీ పని మానుకుని వచ్చాడు. పాలు పోసే అతను ఖాళీ క్యానుతోనే వచ్చాడు. ఇస్త్రీ అక్క వెనక బెంచీ చివర కూర్చుంది. ముందు వరసలో స్టాంపు కాలు మీద కాలేసుకున్నాడు.

లాయరమ్మ అడిగిన వాటికి జెరాక్సమ్మ బోనులో నిలబడి గడగడా చెప్పింది. డ్రమ్ము అంటే ఏమిటో, పిన్ను ఎలా గీస్తుందో, గీత నిలువునా ఎందుకు పడుతుందో చెబుతున్నప్పుడు ఆమె గొంతులో వణుకు లేదు, పని గురించే కదా. జడ్జిగారు, తల సగం నెరిసిన ఆవిడ, లేఖల్ని ఒక్కొక్కటే కిటికీ వెలుతురుకి పట్టి చూశారు. వెనక గుసగుసలు మొదలయ్యాయి. మేస్త్రీ గర్వంగా పక్కవాడి డొక్కలో పొడిచాడు.

అప్పుడు బడి తరఫు లాయరు లేచాడు. పెద్ద వయసు, బెల్లం లాంటి గొంతు.

"మీ మిషన్ గురించి చాలా బాగా చెప్పారమ్మా. ఆ ఫారాలు అక్కడివే, ఒప్పుకుంటున్నాం. పాత లేఖలు చెదలు పట్టి పోయాయి. కాబట్టి గుమాస్తా మళ్ళీ రాయించి పాత తేదీలు వేశాడు. పొరపాటే. కానీ కాగితం కొత్తదైనంత మాత్రాన ఇష్టం కొత్తదవుతుందా? సంతకం పెట్టేటప్పుడు ఎవరైనా, నాకిది ఇష్టం లేదన్నారా?"

జెరాక్సమ్మ అంత కష్టపడి పట్టుకున్న గీతను ఆ మనిషి ఒక్క మాటతో తుడిచేశాడు.

"మీ సంతకమూ ఉంది. చదువొచ్చిన మనిషి మీరు. చదివి పెట్టారా, చదవకుండా పెట్టారా?"

లాయరమ్మ కలం ఆగింది. స్టాంపు చిన్నగా నవ్వాడు. చదవలేదంటే చాలు. మొగుడు చెప్పిన మాట, లాయరమ్మ రాసుకున్న మాట, నాలిక చివరే ఉంది. చదవలేదంటే కొట్టు ఉంటుంది, వెనక కూర్చున్నవాళ్ళ ముందు మొహమూ ఉంటుంది. చదివానంటే రెండూ పోతాయి. వెనక బెంచీ వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. ఇస్త్రీ అక్క ఆమెను చూడటం లేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది, ఇక్కడ తనకి వచ్చేదేం లేదన్నట్టు.

"చదివాను" అంది జెరాక్సమ్మ.

"చదివి, ఇష్టపడే సంతకం పెట్టారు."

"ఇష్టం లేదని ఎవరైనా అన్నారా అని అడిగారు కదా. అంది. ఒక్క మనిషి అంది. ఆమె అడిగితే చదివి వినిపించాను. విన్న ఒక్క మనిషీ సంతకం పెట్టలేదు. ఆ నిమిషమే ఈ గుమాస్తాగారు ఆమె పిల్ల హాల్ టికెట్ కట్టలోంచి తీసి జేబులో వేసుకున్నారు. బడికి రాలేదనీ కాదు, ఏమీ కాదు. సంతకం పెట్టనందుకు. నేను చూశాను."

లాయరు కూర్చోబోయి మళ్ళీ నిలబడ్డాడు. "మరి మిగతావాళ్ళకి?"

"చదవలేదు. మిగతా ముప్ఫై తొమ్మిది మందికీ చదవలేదు. పెట్టండి, ఏం కాదన్నాను. చదివితే ఒక్కరూ పెట్టరని తెలుసు." ఆ తర్వాత వచ్చింది ఏడుపు కాదు, కోపం. "నా కూతురి హాల్ టికెట్ ఆయన ఒళ్ళోనే ఉంది. అందుకే అన్నాను. అందుకే పెట్టాను. పిల్ల మెడ మీద కత్తి పెట్టి తల్లి చేత రాయించుకున్నారు ఇష్టపూర్వకమని. ఇదా ఇష్టం? మీ ఇంట్లో ఇలాగే ఇష్టపడతారా?"

"సమాధానం వరకే చెప్పండి" అన్నారు జడ్జిగారు. కానీ ఆవిడ కలం ఆగకుండా రాస్తూనే ఉంది.

వెనక బెంచీల్లోంచి మేస్త్రీ గొంతు, మెల్లగా అన్నా అందరికీ వినిపించింది. "నేను అడగబోతుంటేనే, ఏం కాదు బాబాయ్ అందిరా."

మధ్యాహ్నం తర్వాత హాజరు పట్టీ తెమ్మని జడ్జిగారు ఆర్డరు వేశారు. తెచ్చి కూర్చున్నాక స్టాంపు కాలు మీద కాలేసుకోలేదు. ఇస్త్రీ అక్క కూతురు ఏడాది మొత్తంలో నాలుగు రోజులే బడి మానింది. ఆ తర్వాత ఎక్కువసేపు పట్టలేదు. లేఖలు చెల్లవన్నారు. నలభై ఒక్క కుటుంబాలకీ తీసుకున్నదంతా నెల రోజుల్లో వెనక్కివ్వాలన్నారు. గుమాస్తా మీద, అతని పైవాళ్ళ మీద విచారణకి రాశారు. పోయిన పరీక్ష గురించి లాయరమ్మ లేచి అడిగితే, "దాన్ని ఇప్పించే అధికారం ఈ కోర్టుకి లేదు" అన్నారు. డబ్బు ఇప్పించే అధికారం ఉంది, పోయిన ఏడాదిని ఇప్పించేది లేదు. చట్టం ఎంత చక్కగా రాసుకున్నారో!

బయట లాయరమ్మ చుట్టూ జనం మూగారు. పాలు పోసే అతను క్యాను మీద దరువేశాడు. జెరాక్సమ్మ మెట్లు దిగుతుంటే మాటలు ఆగిపోయాయి. మేస్త్రీ పక్కకి జరిగి దారిచ్చాడు, పలకరించలేదు. గెలిచింది ఆమె వల్లేనని అందరికీ తెలుసు. మోసపోయింది కూడా ఆమె వల్లేనని ఇప్పుడే తెలిసింది. దేనికి ముందు కోప్పడాలో వాళ్ళకీ తేలినట్టు లేదు.

ఇస్త్రీ అక్క అప్పటికే రోడ్డు దాటేసింది. జెరాక్సమ్మ దాదాపు పరిగెత్తి అందుకుంది.

"నీకు తెలుసు కదా అక్కా. లాయరమ్మకి నా పేరెందుకు చెప్పలేదు?"

"చెబితే కాదనేదానివి."

"అననేమో."

"అనేదానివి. వాడు టికెట్టు జేబులో వేసుకుంటుంటే మిషన్ వైపు తిరిగావు చూడు, అప్పుడే తెలిసింది. నేను అవునని, నువ్వు కాదని అక్కడ జుట్లు పట్టుకుంటే, వాళ్ళు చూసి నవ్వుకునేవాళ్ళు. ఆ మాట నీ అంతట నీ నోట్లోంచే రావాలి."

"నన్ను క్షమించక్కా."

ఇస్త్రీ అక్క నడక ఆపలేదు. "నాకు చేసిందేముంది? మూడు నెలలైంది, మా పిల్ల నాతో మాట్లాడి. అందరూ పెట్టారు, ఏం కాలేదు, నువ్వొక్కదానివే పెట్టలేదు, చదువు రాని దానివి నీకేం అర్థమైందని పెంకితనం చేశావు అంది. అదే ఆఖరి మాట. ఆ కాగితంలో ఏముందో నేను చెబితే నమ్మదు. నువ్వు చెప్పు."

వీధి చివర బండి దగ్గర ఆ పిల్ల ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది. మూలలు కలిపి, గడ్డం కింద నొక్కి పట్టి, చేత్తో సాపు చేస్తోంది. తల్లిని చూసి తల తిప్పుకుంది.

బోనులో చెప్పడమే తేలికని జెరాక్సమ్మకు అర్థమైంది. అయినా చెప్పింది. కాగితంలో ఏముందో మాటకు మాట చెప్పింది. వాళ్ళమ్మ ఏమందో చెప్పింది, గుమాస్తా ఏం చేశాడో, తను ఏం చెయ్యలేదో కూడా చెప్పింది. ఆ పిల్ల దుప్పటి వదలకుండా వింది.

"అందరికీ ఇలాగే చదివి ఉంటే, ఎవరూ పెట్టేవాళ్ళు కాదు కదా ఆంటీ?"

"పెట్టేవాళ్ళు కాదు."

"అప్పుడు అందరి టికెట్లూ జేబులో పెట్టుకోలేడు కదా?"

నలభై ఒక్క హాల్ టికెట్లు ఏ జేబులోనూ పట్టవు. పదహారేళ్ళ పిల్లకి తట్టింది ఆ రోజు తనకి తట్టలేదు.

"పట్టవమ్మా" అంది జెరాక్సమ్మ.

ఆ పిల్ల ఆమెను ఇంకేం అడగలేదు, ఫర్వాలేదనీ అనలేదు. మడత పూర్తిచేసి దుప్పటి బండి మీద పెట్టి, అవతల నిలబడ్డ తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఏమైనా తిన్నావా?"

"లేదే" అంది ఇస్త్రీ అక్క. ఎప్పుడూ మారని ఆ మొహం ఇప్పుడు కూతురికి కనబడకుండా పక్కకి తిప్పుకుంది.